మూన తిరిగే దాకా

మంగళవారం ఉదయానికి సంపూర్ణమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నర బస్సుకు భర్తతో కలిసి రాజమండ్రి వెళ్ళాలి. పన్ను పెట్టించుకోవాలి. మూడింటి బస్సుకు తిరిగి రావాలి. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు. మొదటి మూడూ అనుకున్నట్టే జరిగాయి.

తెలియకూడదనుకోవడానికి కారణం ఆమె నోరే. క్రితం నెల చర్చి స్త్రీల సమాజం కూడికలో సంపూర్ణమ్మ నిరాడంబరత గురించి అరగంట మాట్లాడింది. "వయసుతో పాటు పోయేవాటిని పోనివ్వాలమ్మా. పోయినవాటికి మెరుగులు దిద్దుకుంటూ కూర్చోకూడదు" అంది. ఆ వేళ జుట్టుకు రంగు వేసుకున్నవాళ్ళు నలుగురు అక్కడున్నారు. నలుగురూ కొంగు తలమీదికి లాక్కున్నారు. నెల తిరక్కుండా ఆవిడే దవడలో టైటానియం మరమేకు బిగించుకొచ్చిందని తెలిస్తే ఆ నాలుగు కొంగులూ ఒకేసారి కిందికి దిగుతాయి.

నిజానికి పన్ను మాట ఎత్తింది ఆమె కాదు, జీవరాజు. కింది దవడలో కుడివైపు, వెనకనుంచి రెండో పన్ను పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి సంపూర్ణమ్మ ఎడమవైపే నములుతూ, ప్రతి ముద్దకూ రెండింతలు సమయం తీసుకునేది. భర్త తినేసి, చెయ్యి ఆరబెట్టుకుంటూ తనకోసం కూర్చోవడం చూడలేక, "మీరు కానివ్వండి, నాకు పనుంది" అనడం మొదలుపెట్టింది. క్రమంగా ఆమె భోజనం వంటింట్లోకి, ఆయన చెయ్యి కడుక్కున్న తరవాతకి మారిపోయింది. జీవరాజు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. దేనిమీదైనా వెంటనే అభిప్రాయం చెప్పే అలవాటు లేదు. నాలుగేళ్ళు చూసి, ఒక రోజు పళ్ళ డాక్టరు కార్డు తెచ్చి ఆవకాయ జాడీ కింద పెట్టాడు.

"ఈ వయసులో నాకు పన్నెందుకండీ?" అంది సంపూర్ణమ్మ.

"నీ పన్ను గురించి కాదు. నా భోజనం గురించి. ఒక్కణ్ణీ తినలేకపోతున్నాను."

ఆ మాటతో ఆమె ఒప్పుకుంది. పన్ను కుదిరితే మళ్ళీ కలిసి కూర్చుని తింటానని మాటిచ్చింది.

రాజమండ్రిలో డాక్టరు శ్రీదుర్గ మరమేకు బిగించాక ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "ఇవాళ ఈ స్క్రూ గట్టిగానే ఉందండి. పాత ఎముక బిగించి పట్టుకుని ఉంది. కానీ మనం రంధ్రం చేసినచోట ఆ పాత ఎముక మెల్లగా కరిగిపోతుంది. దాని బదులు కొత్త ఎముక పుట్టి స్క్రూని అంటిపెట్టుకోవాలి. పాతది వదిలేసి, కొత్తది ఇంకా సరిగ్గా పట్టుకోని రోజులు కొన్నుంటాయి. సుమారు మూడో వారం, నాలుగో వారం. స్క్రూ అన్నిటికన్నా బలహీనంగా ఉండేది అప్పుడే."

"అప్పుడు నొప్పి ఎక్కువగా ఉంటుందా అండి?" అని సంపూర్ణమ్మ అడిగింది.

"అదేనండి తంటా. అప్పటికి నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. తగ్గిపోయిందనుకుని జంతిక కొరుకుతారు. స్క్రూ కదిలిందంటే చుట్టూ ఎముక బదులు మెత్తటి కండ పెరుగుతుంది. ఇక అది పట్టుకోదు. తీసేసి మళ్ళీ మొదటినుంచి రావాలి. అందుకని ఆరు వారాలు మెత్తటి తిండే. పైన పన్ను మూడు నెలలకి పెడతాను."

"మళ్ళీ మొదటినుంచి అయితే నేను రానండి. ఇది ఒక్కసారే" అంది సంపూర్ణమ్మ. ఆమె అన్నదంటే అంతే. పక్కన కూర్చున్న జీవరాజుకి ఆ సంగతి డాక్టరుకన్నా బాగా తెలుసు. ఇంటికి రాగానే హాల్లో సంఘం క్యాలెండరు దించి, ఒకటి నుంచి నలభై రెండు దాకా అంకెలు వేశాడు. పదిహేను నుంచి ఇరవై ఎనిమిది దాకా ఎర్ర ఇంకుతో గీత గీశాడు.

మొదటి వారం వాపు వల్ల ఇంట్లోనే గడిచింది. వాపు అని మాత్రం ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజు శుక్రవారం, కూడిక వినీల ఇంట్లో. వినీల కాన్వెంటు టీచరు, స్త్రీల సమాజానికి కార్యదర్శి, చురుకైన పిల్ల. ప్రార్థన అయ్యాక అందరికీ ప్లేట్లలో చేగోడీలు, జంతికలు, కాజా పెట్టింది. సంపూర్ణమ్మ ప్లేటు తీసుకుని అలాగే బల్లమీద పెట్టింది.

"అదేంటి ఆంటీ, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందమ్మా."

"మరి ఉపవాసమా?"

"అబ్బే, ఉపవాసమేం కాదు."

సంపూర్ణమ్మ అబద్ధమాడదు. ఇదీ నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది. ఉపవాసమున్నవాళ్ళు ముఖం కడుక్కుని, తలకు నూనె రాసుకుని, ఆ సంగతి బయటికి పొక్కనివ్వకూడదని ఆ సంఘంలో పిల్లలందరూ సండే స్కూల్లోనే నేర్చుకుంటారు. కాబట్టి ఉపవాసమని చెప్పుకునేవాళ్ళని సంఘం పెద్దగా నమ్మదు. కాదన్నవాళ్ళు మాత్రం ఉపవాసమున్నారనే గట్టిగా నమ్ముతుంది. పైగా సంపూర్ణమ్మ ఆ వేళే తలంటుకుని, ఆరాక నూనె రాసుకుని వచ్చింది.

"నూనె చూశారా?" అని వినీల వీధి గుమ్మం దగ్గర మిగతావాళ్ళతో మెల్లగా అంది. అందరూ చూశారు.

రెండు రోజుల తరవాత సమాజం పుస్తకంలో సంతకం పెట్టించుకోవడానికి వినీల సంపూర్ణమ్మ ఇంటికి వచ్చింది. సంపూర్ణమ్మ కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళి వచ్చేలోపు ఆమె క్యాలెండరు చూసేసింది. నలభై రెండు రోజులు, వరసగా అంకెలు, మధ్యలో ఎర్ర గీత.

"నలభై రోజుల ఉపవాసం విన్నాను గానీ, పైన ఈ రెండు రోజులూ ఎందుకు?" అని సాయంత్రం ఒకావిడ అడిగింది.

"ఎక్కువైతే దేవుడు వద్దంటాడా?" అంది ఇంకొకావిడ.

పదిహేనో రోజుకు సంపూర్ణమ్మకు విషయం తెలిసింది. భయపడి, మర్నాడే వినీల ఇంటికి పనిగట్టుకు వెళ్ళి, అందరూ చూస్తుండగా టీ తాగింది. అందులో బిస్కెట్టు ముంచుకుని, నానబెట్టుకుని మరీ తింది. తన ఉపవాసం దాచుకోవడానికి ఆవిడ పాపం మనముందు బిస్కెట్టు కూడా తిన్నారని ఆ రాత్రికి ఊరంతా చెప్పుకున్నారు. పద్దెనిమిదో రోజు శుక్రవారం, స్త్రీల సమాజం మొత్తం ఆవిడకు తోడుగా ఒక పూట ఉపవాసముంది. ఎందుకోసమన్నది ఎవరూ అడగలేదు. అడగకూడదు కదా.

"ఏమండీ, చెప్పేద్దామా?" అంది సంపూర్ణమ్మ మజ్జిగన్నం పిసుకుతూ.

"చెప్పెయ్."

"జుట్టు రంగు గురించి అంత మాట్లాడాక ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ?"

"అయితే చెప్పకు."

"మీరెప్పుడూ ఇంతే. ఏదో ఒకటి తేల్చరు."

"ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఏ ఫైలూ నేను తేల్చలేదు, సంపూర్ణా. పై అధికారికి పంపేవాణ్ణి" అన్నాడాయన. ఆమె నవ్వబోయి, దవడ గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆదివారం పాస్టరు యెహెజ్కేలు అయ్యగారు ప్రసంగంలో, "మన మధ్య ఒక సహోదరి రహస్యంగా భారం మోస్తోంది. పేరు చెప్పను" అన్నారు. పేరు చెప్పలేదు గానీ ఆడవాళ్ళవైపు రెండో బెంచీని నిమిషంసేపు చూశారు. అందరి తలలూ అటు తిరిగాయి. వెనక బెంచీలో దీనమ్మ తల కూడా తిరిగింది. ఆ తల రెండేళ్ళుగా అటు తిరగలేదు.

దీనమ్మ ఊళ్ళో నాట్ల ముఠాకి పెద్ద. ఇరవైమంది ఆడవాళ్ళను వెంటేసుకుని చుట్టుపక్కల మడులన్నిటిలో వరినారు ఊడుస్తుంది. సంపూర్ణమ్మకి ముప్పై ఏళ్ళ స్నేహితురాలు. వాళ్ళ మధ్య చెడింది కోతకాలపు పండుగనాడు. ఆ పండుగకి సంఘంలో తలా ఒకటి అర్పిస్తారు. ధాన్యం, గుమ్మడికాయ, కోడి, ఎవరికి కలిగింది వాళ్ళు. ఆరాధన అయ్యాక అక్కడే వేలం వేస్తారు. ఇచ్చినవాళ్ళే తమది తిరిగి పాడుకుంటుంటే పక్కవాళ్ళు పాట ఆపేయాలి. ఇది ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. రెండేళ్ళ క్రితం దీనమ్మ తన గుడ్లుపెట్టే ఎర్ర కోడిని అర్పించి, మళ్ళీ ఇంటికి తెచ్చుకుందామని పాట పాడింది. రెండో బెంచీలో కూర్చున్న సంపూర్ణమ్మ వెనక పాడేది ఎవరో తిరిగి చూడకుండా పై పాట పాడింది. కోడి తెచ్చుకుంది. ఆ సాయంత్రమే కూర వండింది. ఇక అంతే, మాటల్లేవు.

ఇప్పుడు దీనమ్మ బాగా ఆలోచించింది. సంపూర్ణమ్మకి పిల్లల బాధ లేదు, పొలం తగాదా లేదు, ఉన్న ఒక్క తగాదా తనతోనే. అయితే ఈ ఉపవాసం ఇంకెవరికోసం? నాట్లు అయిపోనిచ్చింది. బుధవారం ఆఖరి మడి ఊడ్చి, గురువారం కాళ్ళకు నూనె రాసుకుని, శుక్రవారం పొద్దున్నే తన కోళ్ళలోంచి ఒక ముదురు నాటుకోడిని పట్టింది.

ఆ శుక్రవారం ఇరవై అయిదో రోజు. ఎర్ర గీత ఇంకా దాటలేదు. కూడిక సంపూర్ణమ్మ ఇంట్లోనే. పాస్టరు గారు వచ్చారు. పదిహేనుమంది ఆడవాళ్ళు ఈ వారమూ పొద్దుటినుంచీ ఏమీ తినకుండా వాడిపోయిన ముఖాలతో చాపలమీద కూర్చున్నారు. వాళ్ళని చూస్తుంటే సంపూర్ణమ్మకి నేలలోకి దిగిపోవాలనిపించింది. ఆ సమయానికి దీనమ్మ క్యారేజీతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏం వదినా, లోపలికి రమ్మనవా?"

రెండేళ్ళ తరవాత విన్న ఆ పిలుపుకి సంపూర్ణమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రా వదినా" అంటూ చాప జరిపింది.

దీనమ్మ తిన్నగా వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. క్యారేజీ విప్పింది. కోడి కూర వాసనకి పస్తున్న పదిహేనుమందీ ఒకేసారి నిటారుగా అయ్యారు. "నాకోసం ఇన్నాళ్ళు కడుపు మాడ్చుకున్నావంట. ఈ మొండిదాని కోసం అంత అవసరమా? ఇంక చాలు. నా చేత్తోనే విడిపిత్తాను" అంది. ఒక ముక్క తీసింది.

సంపూర్ణమ్మ ముందు మూడు దారులున్నాయి. నమిలితే పన్ను పోతుంది, దాంతోపాటు భర్తకిచ్చిన మాట పోతుంది. వద్దంటే దీనమ్మ పోతుంది, ఈసారి తిరిగి రాదు. నిజం చెబితే ఈ పదిహేనుమంది ఆకలీ ఒక దంతానికి జమ అవుతుంది. ఏదో ఒకటి ఎంచుకునేలోపు ముక్క నోట్లోకి వచ్చేసింది. ఎముకతో సహా. ఆమె దాన్ని ఎడమ బుగ్గలోకి నెట్టి, అలాగే ఉండిపోయింది.

"ఎంత మంచి దృశ్యం" అన్నారు పాస్టరు గారు గద్గదంగా. "సంపూర్ణమ్మగారూ, మీరే ప్రార్థన చేయండమ్మా."

అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. సంపూర్ణమ్మ ఉబ్బిన బుగ్గతో భర్తవైపు చూసింది. గోడపక్క కుర్చీలో జీవరాజు నాలుగో వారమని నాలుగు వేళ్ళు చూపిస్తూ, నమలొద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. పాస్టరు గారు కళ్ళు తెరవకుండానే గొంతు సవరించారు. అప్పుడు జీవరాజు, జన్మలో నలుగురిలో ప్రార్థన చేయని మనిషి, లేచి నిలబడ్డాడు.

"పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నాడు. తరవాత ఏమనాలో తెలియలేదు. తెలిసిన పద్ధతిలోకి వెళ్ళిపోయాడు. "తమ సన్నిధికి మనవి చేసుకునేది ఏమంటే, ఈ విషయం మా ఆవిడ కింది దవడ, కుడివైపు, వెనకనుంచి రెండో పన్ను గురించి."

ఒక కన్ను తెరుచుకుంది. అది వినీలది.

"ఆ పన్ను పోయి నాలుగేళ్ళు. అప్పటినుంచి ఆమె నాతో కూర్చుని తినడం మానేసింది. నేను అడగలేదు. అడిగితే బాధపడుతుందని అడగలేదు. నేను హాల్లో తినేవాణ్ణి, ఆమె వంటింట్లో తినేది. రిటైరయ్యాక ఇంట్లోనే ఉంటున్నాను గదా, రోజుకి మూడుసార్లు అలా తినడం కష్టమైపోయింది. అందుకని నేనే బలవంతపెట్టి రాజమండ్రి తీసుకెళ్ళి పన్ను పెట్టించాను. ఆమె ఉపవాసం లేదు తండ్రీ. జావ తాగుతోంది. ఈ రెండు వారాలూ గట్టివి నమిలితే అది ఊడిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఊడితే ఆమె మళ్ళీ పెట్టించుకోదు, నాకు తెలుసు. తప్పు నాది. ఆకలితో ఉన్న ఈ ఆడపడుచులందరూ నన్ను క్షమించేలా తగు ఉత్తర్వులు ఇప్పించాలని కోరుతున్నాను. ఆమేన్."

ఆమేన్ ఎవరూ అనలేదు. కళ్ళు మాత్రం అందరూ తెరిచారు. తెరిచేసరికి సంపూర్ణమ్మ నోట్లోని ముక్క చేతిరుమాలులోకి తీస్తూ కనిపించింది. దీనమ్మ ఆ రుమాలు వైపే చూస్తోంది.

"అయితే నాకోసం కాదన్నమాట" అంది మెల్లగా. క్యారేజీ మూత వెతుక్కుంది.

"ఒక్క పూట కూడా నీకోసం మానలేదు వదినా. అబద్ధం చెప్పను" అంది సంపూర్ణమ్మ. "కానీ ఒకటి విని వెళ్ళు. ఆ రోజు నీ కోడి వండాను. ఒక్క ముక్క కూడా తినలేదు. నాకప్పటికే పన్ను లేదు. ఆయనొక్కరే తిన్నారు."

దీనమ్మ మూత పట్టుకుని ఆగిపోయింది. "తినలేదా?"

"పులుసు నాకానంతే."

"అయితే రెండేళ్ళబట్టి నువ్వు తినని కోడి గురించా నీతో మాటలు మానేశాను?" దీనమ్మ జీవరాజు వైపు తిరిగింది. "మరి మీరు చెప్పొచ్చుగా అన్నయ్యగారూ, తింది మీరేనని. మీతో మానేసేదాన్ని."

జీవరాజు ఆ మాటకి మళ్ళీ కుర్చీలో కూర్చుని వెనక్కి ఒదిగాడు. ఎవరో కిసుక్కుమన్నారు. దీనమ్మ ఫోనులో టార్చి వెలిగించి, "నోరు తెరువు" అంది. పాస్టరు గారు సహా అంతా వంగి చూశారు. చిగుళ్ళ మధ్య చిన్న వెండి మూత మెరిసింది.

"నొప్పుందా?"

"లేదు."

"కదులుతుందా?"

"లేదు."

"మరెందుకు నమలకూడదు?"

సంపూర్ణమ్మ డాక్టరు చెప్పింది గుర్తున్నంత వరకూ చెప్పింది. పాత ఎముక వదిలేస్తోందని, కొత్తది ఇంకా పట్టుకోలేదని, పైకి అంతా బాగున్నట్టే ఉంటుందని. చాలామందికి సగమే అర్థమైంది. దీనమ్మకి అంతా అర్థమైంది.

"మూన తిరగలేదని ఒక్క మాట చెప్పొచ్చుగా తల్లీ" అంది విసుగ్గా. "నారు పీకి మడిలో గుచ్చిన రోజున బాగానే నిలబడతాది. తరవాత పసుపెక్కుతాది. పాత ఏరు పోద్ది, కొత్త ఏరు ఇంకా మట్టిని పట్టుకోదు. అప్పుడు వేలితో తాకినా ఊడి చేతికొచ్చేత్తాది. ఏరు పట్టుకుని పచ్చబడ్డాక మూన తిరిగిందంటాం. అందాకా ఆ మడిలో కొంగని కూడా వాలనివ్వను నేను. అలాంటిది నీ నోట్లో ముదురుకోడి ముక్క కుక్కాను చూడు."

మరి ఆమె వెళ్ళలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి రోలు కడిగింది. ఎముకలు తీసేసి, కోడి మాంసం మెత్తగా నూరి, పలచటి పులుసుతో మెత్తన్నంలో కలిపి తెచ్చింది. తన చేత్తోనే పెట్టింది. సంపూర్ణమ్మ నమలకుండానే మింగింది. ఏడుస్తూ మింగడం వల్ల కాస్త ఆలస్యమైంది. మిగిలిన కూర పదిహేనుమందికీ పంచితే తలా ఒక ముక్క వచ్చింది. ఉపవాసం విడవడానికి అది చాలు.

"అయితే జుట్టుకి రంగు వేసుకోవచ్చా అండి?" అని ఒకావిడ కొంగు సర్దుకుంటూ అడిగింది.

"వేసుకోండమ్మా. ఆ రోజు నేను మాట్లాడింది పన్ను లేని నోటితో" అంది సంపూర్ణమ్మ.

వినీల సమాజం పుస్తకం తెరిచి కూర్చుంది. "రెండు శుక్రవారాల ఉపవాసానికి ప్రార్థనాంశం ఏమని రాయమంటారు అయ్యగారూ?"

పాస్టరు గారు పుస్తకంలోకి తొంగి చూశారు. "సంఘ ఐక్యత అని రాయమ్మా. పన్ను సంగతి కింద చిన్న అక్షరాల్లో రాయి."

ఆ తరవాతి పదిహేడు రోజులూ సంపూర్ణమ్మ నోరు దీనమ్మ అధీనంలోకి వెళ్ళింది. పొద్దున్నే జావ, మధ్యాహ్నం నూరిన కూర, సాయంత్రం ఉడికించి మెదిపిన కంద. ఎవరింట్లోనైనా జంతికల ప్లేటు సంపూర్ణమ్మ వైపు వస్తే దీనమ్మ మధ్యలోనే పట్టుకునేది. "ఆ మడి ఇంకా మూన తిరగలేదు" అనేది. ఆమె ముఠా నాటిన మడులు ముందే పచ్చబడ్డాయి. పన్ను మాత్రం తీరిగ్గా పట్టుకుంటోంది.

అక్టోబరు చివర్లో డాక్టరు శ్రీదుర్గ చిన్న పరికరంతో ఆ మరమేకు మీద తట్టి చూసి, ఎక్స్‌రే తీసి, "బాగా పట్టుకుందండి. ఎముకలో ఎముక అయిపోయింది" అంది. పైన పన్ను పెట్టింది. పక్క పళ్ళలాగే ఉంది, వాటికన్నా కొంచెం తెల్లగా.

తిరుగు ప్రయాణంలో జీవరాజు బస్టాండు దగ్గర కాల్చిన మొక్కజొన్న పొత్తులు రెండు కొన్నాడు. పెళ్ళయిన కొత్తలో ధవళేశ్వరం గట్టుమీద ఇద్దరూ అవే తినేవాళ్ళు. దారంతా అవి చల్లారకుండా తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి రాగానే హాల్లో బల్ల తుడిచి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఆమెకోసం చూశాడు. అయిదు నిమిషాలయింది. వంటింట్లోంచి మాటలు వినిపిస్తున్నాయి. ఒక గొంతు దీనమ్మది. తరవాత చేగోడీ నమిలిన కరకర చప్పుడు, ఆ వెంటనే ఇద్దరి నవ్వు.

"ఏమండీ, ఆ పొత్తులు ఇలా తీసుకురండి. మాకు అన్నంతోపాటు చేగోడీలున్నాయి. మీ కంచం కూడా ఇక్కడే పెట్టాను" అని సంపూర్ణమ్మ పిలిచింది.

ఆయన పొత్తులు పట్టుకుని గుమ్మందాకా వెళ్ళాడు. వంటింట్లో నేలమీద మూడు పీటలు, మూడు కంచాలు ఉన్నాయి. సంపూర్ణమ్మ కుడిచెంప ఎత్తుగా కదులుతోంది. నాలుగేళ్ళ తరవాత ఆ చెంప కదలడం చూస్తూ ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు.

"రండి అన్నయ్యగారూ. రేపణ్ణించి నేనూ ఇక్కడే తింటాను. ఒక్కదాన్నీ తినలేకపోతున్నాను" అంది దీనమ్మ, ఒక పొత్తు అందుకుంటూ.

జీవరాజు మూడో పీట మీద కూర్చున్నాడు. తాను పెట్టుకున్నది ఇద్దరి భోజనానికి అర్జీ. పై అధికారులందరిలాగే దేవుడు కూడా పూర్తిగా చదవకుండానే మంజూరు చేసేశాడు.